రూతమ్మ కంప్యూటర్‌లో నేను తీసిన ముక్క

1998లో ఆత్మకూరు బస్టాండు దగ్గర, ఎరువుల కొట్టు మీది మేడ గదిలో నేను కంప్యూటర్లు బిగించి అమ్మేవాణ్ణి. విడిభాగాలు మద్రాసు నుంచి లారీ పార్సిల్‌లో వచ్చేవి. ఉదయగిరి, కలువాయి, సంగం నుంచి కూడా నా మెట్లెక్కి వచ్చేవారు. అందరూ ముందు అడిగేది ఒకటే. "ఇంట్లోకి ఎంత మెమరీ ఉంటే సరిపోద్ది?"

మెమరీ అంటే ఇక్కడ ర్యామ్. ఆకుపచ్చటి చిన్న పలక మీద నల్లటి చిప్పులుంటాయి. కంప్యూటర్ ఆ సమయానికి చేస్తున్న పనిని పరుచుకునే చోటు అది. ఆ చోటు చాలకపోతే పనిలో కొంత తీసి హార్డ్ డిస్క్‌లో పెడుతుంది, అవసరమైనప్పుడు మళ్ళీ వెతికి తెచ్చుకుంటుంది. అప్పుడు పెట్టె ముందున్న దీపం ఆగకుండా మినుకుమంటుంది, లోపల గరగరమంటుంది, తెర మీద పని నత్తనడక నడుస్తుంది. ఆ రోజుల్లో విండోస్ 98 వేసి సుఖంగా టైపు చేసుకోవాలంటే ముప్పై రెండు ఎంబీ కావాలి. పదహారుతో నడుస్తుంది, ఈడ్చుకుంటూ. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలియక చేశానని ఎవరూ నన్ను వెనకేసుకు రాకుండా ముందే రాస్తున్నాను.

ఉదయగిరిలో దేవదానం మాస్టారని ప్రాథమిక పాఠశాలలో పనిచేసేవారు. ఆయన కూతురు రూతమ్మ టైపు హయ్యరు పాసై, మండలాఫీసు ఎదురు వరండాలో మిషను పెట్టుకుని అర్జీలు కొట్టేది. రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టుండేది ఆమె కొడుతుంటే. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆఫీసువాళ్ళు కంప్యూటర్ మీద టైపు చేసేవాళ్ళను తీసుకుంటున్నారని, వేగానికి పరీక్ష పెడతారని తెలిసి మాస్టారు నా దగ్గరికి వచ్చారు. పరీక్షకు మూడు నెలలుంది.

"మా అమ్మాయి చేతులకి మిషను అడ్డం రాకూడదబ్బాయ్. అదొక్కటి చూసుకో," అన్నారు.

పదహారు ఎంబీ ముక్కలు రెండు, మొత్తం ముప్పై రెండు బిగించి ఇచ్చాను.

నెల తిరక్కముందే కరెంటు ఎగసిపడి పవర్ సప్లై కాలింది. మాస్టారు కంప్యూటర్ పెట్టెను బస్సులో తెచ్చి దించి వెళ్ళారు. మర్నాటికి బాగుచేసి బల్ల మీద ఉంచాను. అదే పొద్దున సంగంలో ఒక కాంట్రాక్టరు ఇంట్లో కొత్త కంప్యూటర్‌కి పదిన్నరకు ముహూర్తం. ఆయన కోసం తెప్పించిన ర్యామ్ పెట్టి చూస్తే పనిచేయలేదు.

"ఏమప్పా, పూజకి అయ్యవారొచ్చి కూర్చోనుండాడు. టెంకాయ నీ నెత్తిన కొట్టమంటావా?" అని ఫోన్‌లో కేకలు.

రూతమ్మ పెట్టె విప్పి ఒక ముక్క ఊడబీకి తీసుకుపోయాను. ఆ అమ్మాయి ఉత్తరాలే కదా కొట్టుకునేది, పదహారు చాలులే, పార్సిల్ రాగానే ఉదయగిరి వెళ్ళి పెట్టి వద్దాం అనుకున్నాను. మాస్టారు వచ్చి పెట్టె తీసుకెళ్ళేటప్పుడు ఆ సంగతి చెప్పలేదు. వారానికి పార్సిల్ వచ్చింది. నేను వెళ్ళలేదు. ఉదయగిరి పోయి రావాలంటే ఒక పూట పని చెడుతుందని బద్ధకించాను, అంతే.

ఒకరోజు రూతమ్మ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది.

"అన్నా, స్విచ్ వేయంగానే నల్ల తెర మీద లెక్కొస్తాది గదా. ముందు ముప్పై రెండువేల ఏడొందల దాకా పోయేది. ఇప్పుడు పదహారువేలు దాటంగానే ఆగిపోతా ఉండాది. ఏంది అది?"

అన్ని పెట్టెలు అమ్మాను గానీ ఆ అంకె చదివిన మనిషిని అంతవరకూ చూడలేదు.

"అది మిషను లోపలి లెక్కమ్మా. నీకెందుకు?"

"మరి అక్షరాలు వెనకబడతా ఉండాయే? గబగబా కొడితే బీప్ బీప్‌మని అరిచి కొన్ని మింగేస్తా ఉండాది."

"నీది టైపు మిషను చెయ్యి. దీనికంత దరువు పనికిరాదు. ఒక అక్షరం పడినాక ఇంకోటి కొట్టు. అదే అలవాటవుద్ది."

"అంతేనా అన్నా? నా చెయ్యేనా?"

"అంతేనమ్మా."

ఆమె నమ్మింది. పరీక్షదాకా కూర్చుని నేను చెప్పినట్టే సాధన చేసింది.

పరీక్షైన కొన్నాళ్ళకు మాస్టారు పెట్టెను మళ్ళీ బస్సులో మోసుకొచ్చారు. "తప్పిందబ్బాయ్," అన్నారు కూర్చోకుండానే. "అక్కడి మిషన్లు చకచకా ఉండాయంట. మా పిల్లేమో అక్షరం పడిందా లేదా అని తెర చూసుకుంటా, ఆగి ఆగి కొట్టిందంట. రెండో పేజీకి రాకముందే టైమైపోయింది. దానికిది రాదులే. ఎవురికన్నా ఇచ్చెయ్."

ఆయన వెళ్ళాక పెట్టె విప్పాను. ర్యామ్ పెట్టే రెండో స్లాట్ ఖాళీగా, దుమ్ము పట్టి ఉంది. ఆ సాయంత్రమే ఉదయగిరి బస్సెక్కి నిజం చెప్పి ఉంటే ఆమె ఇంకో పరీక్ష రాసుకునేది. చెప్పలేదు. పైగా రూతమ్మ ఎందుకు తప్పిందని ఎవరు అడిగినా, "టైపు మిషను చేతులకు కంప్యూటర్ పట్టుబడదు" అన్నాను. ఉదయగిరిలో చాలామంది నమ్మిన ఆ మాట నేను పుట్టించిన అబద్ధం. అర్జీలన్నీ కంప్యూటర్ కాగితాలయ్యాక వరండాలో రూతమ్మ మిషను కూడా ఆగిపోయింది. పెళ్ళై కొండాపురం వెళ్ళిందని విన్నాను.

పోయినేడు ఒక పని మీద కొండాపురం వెళ్ళినప్పుడు వాళ్ళిల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. మాస్టారు చనిపోయి నాలుగేళ్ళయిందట. నిలబడే అంతా చెప్పాను.

"అంటే ఆ లెక్క..." అంది.

"నువ్వు చూసింది నిజమేనమ్మా. సగం నేనే తీసినాను."

"తెలిసే అన్నావా, నా చెయ్యేనని?"

"తెలిసే అన్నాను."

కుడుతున్న జాకెట్టు దారం తెంపి పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను.

"నువ్వే ఒళ్ళొంచలేదని నాయన పొయ్యేదాకా నన్ను అంటానే ఉన్నాడన్నా," అంది. "మా పాప కంప్యూటర్ కోర్సులో చేరతానంటే, మన చేతులకి రాదే అని నేనే మాన్పించినాను." లోపలికి తిరిగి కేకేసింది. "ఒసే మేరీ, ఇట్రా! ఈ మామ చెప్పేది ఇను."

పదిహేడేళ్ళ పిల్ల వచ్చి గడపలో నిలబడింది. అదంతా రెండోసారి చెప్పడం మొదటిసారికంటే కష్టమైంది. అయిపోయాక పిల్ల ఒక్కటే అడిగింది.

"మా అమ్మకి ఎంత మెమరీ ఉంటే సరిపోయేది మామా?"

ఇన్నేళ్ళుగా గిరాకీలందరూ అడిగే ప్రశ్నే. ఎవరు అడిగినా లెక్కలు చెప్పేవాణ్ణి.

"ముందు నేను బిగించినంతే చాలు పాపా," అన్నాను. "మీ అమ్మ చేతులకి అది సరిగ్గా సరిపోయింది."