అవనిగడ్డలో ఖాళీ

ఆరేళ్లుగా ఒక మాట నా కడుపులో ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి నాకెవరున్నారు కనక అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. చెప్పాల్సిన మనిషి ఏడాది పాటు నా పక్క సీట్లోనే కూర్చుంది.

మాది చల్లపల్లి. టైలర్ని. భార్య పోయిన రెండేళ్లకు నా కిడ్నీలు రెండూ పాడయ్యాయి. అప్పట్నుంచి వారానికి మూడు రోజులు బందరు వెళ్లి, నాలుగేసి గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకుని రావాలి. మొదట్లో చుట్టాలు తోడొచ్చారు. రోజూ చచ్చేవాడికి ఏడ్చేవాడెవడు? మెల్లగా మానేశారు. వాళ్లను తప్పు పట్టను. వీధిలో ఎదురైనవాళ్లు క్రియాటినిన్ ఎంతుందని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయేవారు.

నాంచారమ్మ పరిచయమైంది ఆ బందరు బస్సులోనే. పాలకాయతిప్ప దగ్గర ఊరు, ఎండుచేపల వ్యాపారం. ఆవిడకీ అదే జబ్బు, అవే రోజులు. తెల్లారుతూనే ఆటోలో కోడూరొచ్చి బస్సెక్కేది. చల్లపల్లిలో నేనెక్కేసరికి నా కోసం పక్క సీటు మీద తువ్వాలు వేసి, వచ్చినవాళ్లందరితో దెబ్బలాడుతూ ఉండేది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. నేను అలా పొగడను. ఆవిడ నోరు పెద్దది. టైలరై ఉండి మీ చొక్కాకే బొత్తాం లేదేంటని బస్సంతా వినేలా వేళాకోళం చేసేది. కానీ జబ్బు గురించి కాకుండా నాతో మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. ఆ మూడు రోజుల కోసం మిగతా నాలుగు రోజులూ ఎలాగో గడిపేవాణ్ణి.

అవనిగడ్డలో డయాలసిస్ పెట్టారని తెలిసి ఆవిడ అక్కడ పేరు రాయించుకుంది. అక్కడైతే ఇంటికి దగ్గర. మధ్యాహ్నానికి ఇల్లు చేరి, కాసేపు పడుకుని లేచి, సాయంత్రం కోడూరు బజార్లో గంప దించుకోవచ్చు. బందరు వచ్చిన రోజున పొద్దుగూకేదాకా బస్సుల్లోనే సరిపోయేది.

ఒక బుధవారం ఆవిడ రాలేదు. ఎవరిదో పెళ్లి. మా డయాలసిస్ వార్డు సిస్టరు నా మంచం దగ్గరకొచ్చింది. అవనిగడ్డ వాళ్లు ఫోను చేశారని, అక్కడ ఒక ఖాళీ వచ్చిందని, నాంచారమ్మ ఫోను కలవడం లేదని, రేపు సాయంత్రంలోగా వెళ్లి కాగితాలు ఇవ్వకపోతే తర్వాతివాళ్లకు ఇచ్చేస్తారని చెప్పింది. కోడూరులో ఉండే వాళ్లమ్మాయికి కబురు చెయ్యగలరా అని అడిగింది. చేస్తానన్నాను. ఇంటికొచ్చి ఫోను చేతిలోకి తీసుకున్నాను. చెయ్యలేదు. మర్నాడూ చెయ్యలేదు. మరిచిపోయానా? లేదు, సాయంత్రం ఆరయ్యేదాకా గడియారం వంక చూస్తూనే ఉన్నాను. ఇక నుంచి నా పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరు మాట్లాడతారు అన్నదొక్కటే నా బుర్రలో తిరిగింది. ఆవిడ ఒంటి సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు.

శుక్రవారం బస్సెక్కాను. తువ్వాలు తీసి చోటిచ్చింది. నేను కూర్చోగానే అడిగింది.

“అన్నయ్యగారూ, అవనిగడ్డలో కాళీ ఏమన్నా వచ్చిందంటారా? సిస్టరమ్మ ఏమన్నా అందా?”

“లేదమ్మా. వస్తే వాళ్లే చెప్తారుగా.”

“పోన్లెండి. మీరు తోడుండబట్టి ఇంత దూరం వస్తన్నా గానీ, లేకపోతే ఎప్పుడో మానేద్దును.”

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాత ఆవిడ దగ్గర లేనప్పుడు సిస్టరు అడిగితే, ఆవిడకు ఇక్కడే అలవాటైందట, వద్దందమ్మా అన్నాను. నా మాట నమ్మి, ఆవిణ్ణి అడక్కుండానే అక్కడి లిస్టులోంచి ఆవిడ పేరు తీసేశారు. ఆ రెండో అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే నా నోరంటే నాకే అసహ్యం.

మరుసటి ఏడు తుఫానుకు చెట్లు పడి బందరు బస్సులు ఆగిపోయాయి. నేను ఎవరి బండి మీదో పడి వెళ్లాను. నాంచారమ్మకు వరసగా రెండుసార్లు తప్పింది. ఒంట్లో నీరు చేరి, ఆయాసం ఎక్కువై ప్రాణం పోయింది. కోడూరు నుంచి అవనిగడ్డ దాకా ఆటోలు నడిచాయని తర్వాత తెలిసింది. అక్కడి మిషన్లూ నడిచాయట. అక్కడ చేరి ఉంటే బతికేదా? డాక్టర్ని అడగలేదు. ఏం చెప్తాడోనని భయం. బతికేదంటే నేను ప్రాణం తీసినవాణ్ణి. బతికేది కాదంటే, ఆవిడ ఆఖరి ఏడాదిలో వారానికి మూడు సాయంత్రాలు కాజేసినవాణ్ణి.

పదిహేను రోజులకు వాళ్లమ్మాయి ఫైలు కోసం బందరు వచ్చింది. నా మంచం దగ్గర నిలబడి, దారి పొడుగునా మా అమ్మకు మీరే దిక్కయ్యారండీ అని దణ్ణం పెట్టింది. నాకు ఒక చేతికి సూదులున్నాయి. రెండో చెయ్యెత్తి దీవించాను. అవును, దీవించాను.

ఇప్పటికీ అదే బస్సు. పక్కన ఎవరో ఒకరు కూర్చుంటారు. పలకరించను. కోడూరు ఎంత దూరం? వెళ్లి ఆ అమ్మాయికి చెప్పొచ్చు. వెళ్లలేదు. వెళ్తానని మీకు మాటివ్వను కూడా. నా మాట విలువ మీకు తెలిసిపోయిందిగా. మీరు ఆవిణ్ణి చూడలేదు కాబట్టే ఇంతమాత్రమైనా చెప్పగలిగాను. క్షమించమని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు.

ఇది రాశాక నాకు కొంచెం ఊపిరాడుతోంది. ఆ రోజు నాంచారమ్మకు ఆ మాత్రం కూడా ఆడలేదు.