దత్తన్న మొఖం

నా నోరు మంచిది కాదు. మా అమ్మ అన్నది, నా పెండ్లాం అన్నది, భవాని పేట్‌లో మా సందు సందంతా అన్నది. ఎవరేమన్నా నేను పట్టించుకోలేదు. పదిమందిని నవ్వించే నోరు చెడ్డదెట్లా అవుతుందని నా ధీమా. దత్తన్న గురించి రాద్దామని కూర్చున్నప్పటి నుంచి ఆ ధీమా నన్ను వదిలిపోయింది. ఇది సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

దత్తాత్రి నాకన్నా నాలుగేండ్లు పెద్ద. ఆయన తాతా మా తాతా ఒకే ఏడు సిరిసిల్ల పక్క ఊళ్ళ నుంచి షోలాపూర్ వచ్చి మగ్గాలెక్కారట. మేమిద్దరం ఒకే కార్ఖానాలో పక్కపక్క పవర్‌లూమ్‌ల మీద చద్దర్లు నేసేవాళ్ళం. ఆయన సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎవరి జోలికీ పోయేవాడు కాదు. సెలవు పెట్టిన రోజు మగ్గం ఆగి ఉండటం చూసి, ఓహో దత్తన్న రాలేదని అనుకునేవాళ్ళం. అంత నెమ్మదస్తుడు.

ఏడాదిలో ఒక్కరోజు మాత్రం సందంతా ఆయననే చూసేది. గణపతి నవరాత్రుల్లో మా సందులో బాగోతం ఆడటం ముందు నుంచి వస్తున్న ఆనవాయితీ. మా మేళంలో ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టాలి. రాణి వేషం పద్నాలుగేండ్లుగా దత్తన్నదే. చీర కట్టి, కొప్పు చుట్టి, నడుం మీద చెయ్యి పెట్టి తెర దాటి వచ్చాడంటే మేం రోజూ చూసే మనిషి ఎటుపోయాడో తెలిసేది కాదు. ఆయన భార్య యశోద వదిన ముందు వరుసలో కూర్చుని, "మా ఆయన నాకన్న మంచిగ కడ్తడు చీర" అని పక్కవాళ్ళకు చెప్పుకునేది. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులు ఆయన ఆ ఒక్కరోజు కోసమే బతికేవాడని నేనంటే అందులో అబద్ధమేం లేదు.

ఎనభై ఎనిమిదిలో మా మేళం పెద్ద నరసయ్య తాతకు బాగోతాన్ని వీడియో తీయించాలని బుద్ధి పుట్టింది. ఫోటో స్టూడియో అతను భుజం మీద కెమెరా, చేతిలో పెద్ద లైటు పట్టుకొచ్చి రాణి మొఖం మీదికి పోయి మరీ తీశాడు. తర్వాతి కార్ఖానా సెలవు నాడు మధ్యాహ్నం టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చి సందులో పెట్టారు. ఆడా మగా, పిల్లా జెల్లా అందరం చాపలు పరుచుకుని కూర్చున్నాం.

దత్తన్నది నూనె మొఖం. ముక్కు మీదా, ముక్కుకు ఆనుకున్న బుగ్గల మీదా చర్మ రంధ్రాలు కాస్త పెద్దవి. మామూలుగా చూస్తే ఎవరి కంటా పడేవి కావు. ఆ రోజు టీవీ నిండా ఆయన బుగ్గే కనిపించింది. అద్దిన పౌడరు చెమటకు కరిగి ఒక్కో రంధ్రంలో ఒక్కో చుక్కలా నిలిచింది. రాణి ఏడుస్తూ పాడుతోంది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

నేను ఊరుకుంటే అంతటితో పోయేది. ఊరుకోలేదు.

"అరే, గిది మొఖమా, జకార్డ్ అట్టనా? మగ్గానికి ఎక్కిస్తే చద్దర్ మీద పువ్వులు పడ్తయి" అన్నాను.

నేతగాళ్ళ సందు కదా, ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. చద్దర్ మీద పువ్వు ఎక్కడ పడాలో మగ్గానికి చెప్పేది జకార్డ్ అట్టలకున్న చిల్లులే. ముసలివాళ్ళతో సహా పొట్ట పట్టుకుని నవ్వారు. దత్తన్న కూడా నవ్వాడు. యశోద వదిన నవ్వలేదు. మర్నాటి నుంచి పిల్లలు ఆయన్ని జకార్డ్ రాణి అనడం మొదలుపెట్టారు. పేరు పెట్టింది నేనని నాకు గొప్పగా ఉండేదని కూడా ఒప్పుకోవాలి.

నరసయ్య తాత నవ్వులో కలవలేదు గానీ లెక్కలో పడ్డాడు. ఆ క్యాసెట్ సిరిసిల్లలో చుట్టాలు కూడా చూస్తారు. దత్తన్నను పిలిచి, నా ముందే చెప్పాడు. "దత్తూ, వచ్చే ఏడు గూడ షూటింగ్ పెడ్తున్నం. మొఖం కొంచెం సాఫ్ చేసుకో బిడ్డా. లేకుంటే మన వాసుదేవ్ ఉన్నడు, నున్నటి మొఖం. ఏమనుకోకు." వాసుదేవ్ మా కార్ఖానాలో నూలు కండెలు చుట్టే కుర్రాడు. ఒక్క పాటా పూర్తిగా రాదు. దత్తన్న తల ఊపి వచ్చేశాడు.

ఆ ఏడాది ఆయన చెయ్యని వైద్యం లేదు. మంగలి దగ్గర నుంచి పటిక ముక్క తెచ్చి గడ్డం గీసుకున్నాక రుద్దుకున్నాడు. ముల్తానీ మట్టి పట్టించాడు. కోడిగుడ్డు తెల్లసొన పూసుకుంటే మొఖం బిగుసుకుపోయి, అన్నం తినడానికి నోరు తెరవలేకపోయాడని వదిన చెప్పింది. దవాఖానలో డాక్టరమ్మ దగ్గరికి కూడా పోయాడు. మగవాడు దీనికోసం వచ్చాడని ఆమె నవ్వకుండా వినడమే ఆయనకు వింతయింది. "ఇవి పుట్టుకతో వచ్చిన తోలు గుణం, పూర్తిగా మాయం కావు. పొద్దున ఒకసారి, పని దిగినాక ఒకసారి మెత్తటి సబ్బుతో కడుక్కో. గిల్లకు, గట్టిగ రుద్దకు. దూది దుమ్ము నిండకుండ చూసుకో. కొంచెం కనపడకుండ అయితయి" అని చెప్పిందట. అప్పటి నుంచి కార్ఖానా నల్లా దగ్గర రోజూ మొఖం కడుక్కునేవాడు. బర్ఫ్ గోలా బండి దగ్గర ఒక మంచు ముక్క అడిగి రుమాలులో చుట్టి బుగ్గలకు అద్దుకునేవాడు. మేం వెనక నుంచి ఈలలు వేసేవాళ్ళం. నేనే ముందు.

ఎనభై తొమ్మిది శ్రావణం చివరికొచ్చింది. చవితికి ఇంకా వారముందనగా, ఒక పొద్దున నా మగ్గం మీద పడుగు పోగులు అదేపనిగా తెగుతున్నాయి. ఒకటి అతికితే రెండు తెగుతున్నాయి. వానాకాలం చెమ్మకు గంజి పట్టలేదు. పడుగుకు గంజి పట్టించే సైజింగ్ వాడిని, కార్ఖానాదారుని, దేవుణ్ణి వరసగా తిట్టుకుంటూ వంగి ఉన్నాను. దత్తన్న తన మగ్గం ఆపి నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"లక్ష్మణ్, ఒక్కసారి చూడు. తగ్గినయా?"

"ఏంది?"

"మొఖం మీదియి. నిజం చెప్పు. ఇయ్యాల నరసయ్య తాత కాడికి పోవాలె."

నేను తల ఎత్తలేదు. చేతిలో పోగు తెగింది.

"గంజి పెట్టు దత్తన్నా. పడుగుకు పెడితే పోగు నున్నగైతది, సందులు మూసుకుంటయి. నీ మొఖానికి గూడ అదే మందు. బయట బకెట్ నిండ ఉన్నది, పో" అన్నాను.

పక్క మగ్గం వాడు కిసుక్కున నవ్వాడు. దత్తన్న వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ పోగులో పడ్డాను. నాకది మాట కూడా కాదు, నోటి నుంచి రోజూ రాలే చెత్తలో అదొకటి.

ఇంట్లో వండుకునే గంజి అయితే ఏమీ అయ్యేది కాదు. కార్ఖానా బకెట్‌లోది వేరు. వానాకాలంలో బూజు పట్టకుండా దాంట్లో తోలును కాల్చే మైలతుత్తం కలుపుతారు. ఆ సంగతి మా అందరికీ తెలుసు, దత్తన్నకూ తెలుసు. కానీ రోజూ చేతులు ముంచే గంజే కదా, చేతులకు ఏం కానిది మొఖానికి ఏమవుతుందని నేతగాడు అనుకుంటాడు. మా చేతులు ఎట్లాంటివో మేం మరిచిపోతాం. ఆయన నరసయ్య తాత దగ్గరికి పోకుండా ఒక డబ్బాలో గంజి ఇంటికి తీసుకుపోయి, చిక్కగా పట్టించి, అది ఎండి అట్టకట్టినా కడగకుండా పడుకున్నాడు.

పొద్దున వదిన కేక విని సందంతా పోయింది. నేనూ పోయాను. కళ్ళు కనబడనంతగా మొఖం వాచింది. బుగ్గల మీద పొక్కులు లేచి, కొన్ని చిట్లి నీరు కారుతోంది. వదిన తడిబట్టతో అద్దుతూ, ఏడుస్తూ అడుగుతోంది. "ఎవరు చెప్పిన్రు నీకు? ఏ లుచ్చా చెప్పిండు? పేరు చెప్పు, నేను పోయి అడుగుత."

నేను గుమ్మంలోనే ఉన్నాను. నాకూ ఆయనకూ మధ్య మూడు అడుగులు కూడా లేవు.

"ఎవ్వరు చెప్పలే. నాకే బుద్ధి పుట్టింది" అన్నాడు దత్తన్న.

"నేనే చెప్పిన వదినా" అని అప్పుడే అనాల్సింది. నా నోరు, ఎక్కడా ఆగని నోరు, ఆ రోజు లేవలేదు. పైగా రిక్షా తెచ్చి ఆయన్ని దవాఖానకు తీసుకుపోయింది నేనే. యశోద వదిన నా చేతులు పట్టుకుని, "తమ్మీ, నువ్వు లేకుంటే ఏమైతుండెనో" అన్నది. అది కూడా విని ఊరుకున్నాను.

ఆ ఏడు రాణి వేషం వాసుదేవ్ కట్టాడు. పాటలు రావు కదా, అందుకని దత్తన్న తెర వెనక కుర్చీలో కూర్చుని, మొఖానికి గుడ్డ కట్టుకుని పాడాడు. తెర ముందు కుర్రాడు పెదవులు కదిపాడు. క్యాసెట్ బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. పొక్కులు మానాయి గానీ బుగ్గల మీద నల్లటి మచ్చలు నిలిచిపోయాయి. దత్తన్న మళ్ళీ వేషం కట్టలేదు. రెండేండ్లకు పాడటం కూడా మానేశాడు. గణపతి వస్తే ఏదో పనుందని ఊరికి పోయేవాడు.

వదిన బీడీలు చేసేది కాబట్టి వాళ్ళకు బీడీ కార్మికుల కోసం కట్టిన విడీ ఘర్కుల్ కాలనీలో ఇల్లు వచ్చింది, అక్కడికి మారిపోయారు. నేను పోవడం తగ్గించాను. పోతే ఆయన ఎదురుగా కూర్చోవాలి, ఆ మచ్చలు చూడాలి. తొంభై ఆరులో నాకు ఒంట్లో బాగాలేక రెండు నెలలు మంచం పట్టాను. లేచాక ఇంక దాచుకోలేక ఒక పొద్దున బస్సెక్కి పోయాను. వదిన బీడీలు అప్పజెప్పడానికి పోయింది. దత్తన్న వాకిట్లో బీడీ ఆకు తడుపుతున్నాడు. నన్ను చూసి పీట వేశాడు.

దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా ఒక్కసారే కక్కేశాను. గంజి మాట నేను నవ్వులాటకు అన్నానని, ఆయన నిజమనుకుంటాడని తెలియదని, వదిన అడిగినప్పుడు దొంగలా నిలబడ్డానని. "నన్ను తిట్టు అన్నా, కొట్టు" అన్నాను.

ఆయన ఆకు కట్టను అటు తిప్పి ఇటు తిప్పి తడిపాడు.

"నువ్వు నవ్వులాటకే అన్నవని నాకు అప్పుడే ఎరుక లక్ష్మణ్. నేనేమన్న పిచ్చోన్నా?"

"మరి ఎందుకు పెట్టుకున్నవు?"

"ఆ రోజు పొద్దున అద్దంల చూసుకున్న. తగ్గినయి అనిపించింది. యశోద గూడ తగ్గినయి అన్నది. అది నా పెండ్లాం గదా, గట్లనే అంటది. నీ నోరు నాకు ఎరుకే, నువ్వు మొహమాటపడవు. తగ్గకుంటే తగ్గలేదనే అంటవు. అందుకే నీ కాడికి వచ్చిన." ఇంకొంచెం నీళ్ళు చిలకరించాడు. "నువ్వు తల ఎత్తి చూడలే. చూడబుద్ధి కానంత గలీజుగ ఉన్నదేమో అనుకున్న."

నేను ఏడేండ్లు మోసింది గంజి మాటనే. తల ఎత్తకపోవడం నాకు గుర్తే లేదు.

"తగ్గినయా అన్నా? ఆ రోజు" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"ఏమో. చూసింది ఎవరు?" అన్నాడు.

ఆయన మొఖం నాకు జానెడు దూరంలో ఉంది. ఇప్పుడైనా చూద్దామని తల ఎత్తబోయాను. చేతకాలేదు.