కళాయి పూసిన ఏనుగు కాసు

పొద్దున మదనపల్లెలో మా వీధి మలుపు తిరగగానే నవాసారం పొగ వాసన తగిలింది. ఎన్నేళ్లకెన్నేళ్లకు! ఎవరో ఇత్తడి గిన్నెలకు కళాయి పూస్తున్నారు. మా అమ్మాయి పిలుస్తున్నా వినిపించుకోకుండా అక్కడే నిలబడిపోయాను. మన ఈడు వాళ్లకు గుర్తుందా, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో చిల్లి కాణీలు, అంచు వంకుల అణాలు ఏరి దాచుకునేవాళ్లం?

చిన్నప్పుడు పుంగనూరులో నేను దాచినవాటిలో అన్నిటికంటే గొప్పది, ఏనుగు బొమ్మ ఉన్న పాత రాగి కాసు. మా వైపు పొలాలు దున్నితే అవి అప్పుడప్పుడూ బయటపడేవి. మా అవ్వ ఇచ్చిన ఆ కాసును అన్న కంట పడకుండా ఇత్తడి చెంబులో దాచాను. అమ్మ ఆ చెంబునే కళాయికి ఇచ్చిందని తెలిసి, కళాయి పూసే సాయిబు తాత దగ్గరికి పరుగెత్తాను.

"సాయిబు తాతా, చెంబులో నా ఏనుగు కాసు ఉండె."

"ఉండాది బేటా. నల్లగా ఉండాదని దానికీ కళాయి పూసినా. కూలి వద్దులే."

తెల్లగా మెరుస్తున్న కాసును చూసి, నా ఏనుగు పాడైపోయిందని గుక్కపట్టి ఏడుస్తూ ఇంటికొచ్చాను. మా అవ్వ దాన్ని వెలుతురులో తిప్పి చూసింది. ఏనుగు తొండంతో సహా చక్కగానే ఉంది.

"యాలప్పా ఏడ్చేది? ఇంద్రుని ఏనుగు తెల్లదే గదా. నీది ఐరావతమైంది, పో."

ఆ మాట బడికి చేరడమే ఆలస్యం, ఏనుగు కాసులున్న పిల్లలందరూ సాయిబు తాత కొలిమి ముందు వరుస కట్టారు. ఆయన తిత్తి ఊదుతూ నవ్వాడు.

"మీ అమ్మల చెంబులు ఈ పొద్దు రావని చెప్పండప్పా. ఏనుగులకే పొద్దు సాలదు."