మెనూలో లేని పదిహేడు

అమ్మమ్మ ట్రంకుపెట్టె మూత ఎత్తగానే కలరా ఉండలూ కర్పూరమూ పాత పట్టూ కలిసిన వాసన గుప్పుమంది. చీరల మడతల మధ్య, మూలల్లో పసుపు ఇంకా వెలిసిపోని మా అమ్మ పెళ్ళి శుభలేఖ కవరులో, ఒక డీవీడీ కనిపించింది. దాని మీద నల్ల మార్కరుతో రమ పిన్ని గుండ్రటి అక్షరాలు: ‘అమ్మ సీరియల్, 1 నుంచి 28.’ అమ్మమ్మ పోయి రెండేళ్ళయింది. ఈ కాలం లాప్‌టాపులకు డిస్కు పెట్టే చోటే లేదు కాబట్టి ఆఫీసులో ఒకాయన్ని బతిమాలి బయట తగిలించే డ్రైవ్ తెచ్చుకున్నాను.

నాకప్పుడు పదేళ్ళు. జగ్గయ్యపేటలో మా ఇల్లూ అమ్మమ్మ వాళ్ళ ఇల్లూ వెనకా ముందు వీధుల్లో ఉండేవి. శివరాత్రి వెళ్ళి, చలి శివశివా అంటూ పోయి, సిమెంటు లారీలు తిరిగినప్పుడల్లా జామాకుల మీద బూడిదరంగు పొడి పేరుకునే రోజులు. మేడ మీద మజ్జిగలో ఊరిన మిరపకాయలు ఎండుతుంటే, వాటి పులుపు వాసన మెట్ల దాకా దిగి వచ్చి, ఒంటిపూట బడి నుంచి వచ్చిన నాకు ఆకలి రెట్టింపు చేసేది. ఆ ఏడాదే అమ్మమ్మ కుడికంటి శుక్లం తీశారు. నలభై రోజులు టీవీ జోలికి పోవద్దని డాక్టరు చెప్పాడు. తాతయ్య ఆయన మాటను వేదవాక్కుగా తీసుకుని, టీవీ మీద దుప్పటి కప్పి, రిమోటును బియ్యం డబ్బాలో దాచేశాడు.

అమ్మమ్మకు కన్ను నొప్పి కన్నా సీరియల్ పోయిందన్న బాధే ఎక్కువ. అందులో అక్కచెల్లెళ్ళిద్దరికీ మాటల్లేవు. పెనుగంచిప్రోలులో ఉండే సొంత అక్కతో, అంటే మా పెద్దమ్మమ్మతో, అమ్మమ్మకీ మాటల్లేవు. మా అమ్మ పెళ్ళికి తనను బొట్టు పెట్టి పిలవకుండా, శుభలేఖ ఎవరో ఆటో అతని చేత పంపించారని పెద్దమ్మమ్మ కోపం. అంత హడావిడిలో తోడబుట్టింది కూడా మర్యాదలు చూసుకుంటుందా అని, ఆ శుభలేఖను తిప్పి పంపుతుందా అని అమ్మమ్మ కోపం. పన్నెండేళ్ళుగా ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

ఆమె బెంగ చూడలేక రమ పిన్ని ఒక మాట ఇచ్చింది. పిన్ని నందిగామలో ఒక కంప్యూటర్ సెంటరులో పని చేసేది. అక్కడ బ్యాటరీలున్నాయి కాబట్టి కరెంటు కోతల బాధ లేదు. రోజూ సాయంత్రం సీరియల్ని కంప్యూటర్‌లో రికార్డు చేసి, నలభై రోజులయ్యాక అన్నీ ఒకే డిస్కులో పెట్టి ఇస్తానంది. ఈలోగా మా ఇంట్లో చూసి వచ్చి అమ్మమ్మకు కథ చెప్పే పని నాకు పడింది. మంచం మీద వెల్లకిలా పడుకుని, కంటి మీద ఆకుపచ్చ గుడ్డతో, వక్కపలుకు బుగ్గన పెట్టుకుని ఆమె వింటుంటే నాకు ఎక్కడలేని పెద్దరికం వచ్చేది.

మూడు వారాలు నిజాయితీగానే చెప్పాను. నాలుగో వారంలో ఒకరోజు ఏడుపెంకులాటలో పడి చీకటి పడేదాకా ఇంటికే వెళ్ళలేదు. చూడలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఇంట్లో రోజూ విన్న గొడవే నోటికొచ్చింది. చెల్లెలు కుంకుమ భరిణె పట్టుకుని అక్క ఇంటికెళ్ళి బొట్టు పెట్టిందనీ, ఇద్దరూ కావిలించుకుని ఏడ్చారనీ చెప్పేశాను.

“ముందు ఎవరెళ్ళారే? చెల్లెలేనా?” అంది అమ్మమ్మ.

చెల్లెలే అన్నాను.

తెల్లారి లేచేసరికి గుమ్మంలో ఆటో ఉంది. నల్లద్దాలు పెట్టుకుని, భరిణె కొంగున ముడేసుకుని అమ్మమ్మ ఎక్కి కూర్చుంది. తాతయ్య దుమ్మనీ ధూళనీ గొణుగుతూనే నన్నూ ఎక్కించి తనూ ఎక్కాడు. పెనుగంచిప్రోలులో పెద్దమ్మమ్మ వాకిలంతా ఎర్రగా మిరపకాయలు పరిచి ఉన్నాయి. అమ్మమ్మ ఆటో దిగి రెండడుగులు వేసిందో లేదో, అరుగు మీద నుంచి పెద్దమ్మమ్మ చెయ్యెత్తింది.

“ఆగవే. అక్కడే ఆగు.”

అమ్మమ్మ ఆగిపోయింది. కొంగు ముడి మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. నా అబద్ధాన్ని నమ్మి ఈమె పరువు పోగొట్టుకుంటోందని నాకు ఏడుపొచ్చేసింది.

“మిరగాయల ఘాటు కంట్లో పడుద్ది. నువ్వు రామాక. నేనే వస్తన్నా.”

తడి తువ్వాలు పట్టుకుని పెద్దమ్మమ్మ కాయల చుట్టూ తిరిగి వచ్చింది. వీధిలోనే, ఆటో పక్కనే నిలబడి బొట్టు పెట్టించుకుంది. ఆపైన ప్రతి వారం ఇద్దరూ ఎవరో ఒకరింట్లో కలవాల్సిందే.

నలభై రోజులయ్యాక ఒక ఆదివారం పిన్ని నన్ను నందిగామ తీసుకెళ్ళింది. చెప్పులు బయట విప్పి వెళ్ళే ఆ చల్లటి గదిలో, పిండిమర దగ్గర వంతు కోసం కూర్చున్నట్టు, ఒక్కో ఫైలూ డీవీడీకి సరిపడేలా మారే దాకా కూర్చున్నాం. అంతకుముందే రెండు డిస్కులు రాస్తూ రాస్తూ మధ్యలో పాడైపోతే, చిలకలు రాకుండా అవి మా జామచెట్టుకు వేలాడుతున్నాయి. పిన్ని ఎపిసోడ్‌కి ఒక గడి చొప్పున మెనూ కడుతోంది. అమ్మమ్మకు అక్షరాలు రావు, అంకెలొచ్చు. అందుకని ప్రతి గడిలో ఒక బొమ్మ, దాని మీద పెద్ద అంకె. బొమ్మ కోసం పదిహేడోది తెరిచినప్పుడు చూశాను: అక్క తలుపు చెల్లెలి మొహం మీద వేసేస్తోంది.

ఇది చూస్తే అమ్మమ్మ నన్ను తిట్టడమే కాదు, పసిదాని అబద్ధానికి తను తల వంచానని రోషపడి మళ్ళీ మాటలు మానేస్తుందని భయమేసింది. ఉన్నదంతా కక్కేశాను. పిన్ని నవ్వబోయి ఆగిపోయింది. పేజీకి తొమ్మిది గడుల చొప్పున మూడు పేజీలకు ఇరవై ఏడే పడతాయనీ, ఇరవై ఎనిమిదోది ఒంటరిగా మిగిలి పొద్దుటి నుంచీ చంపుతోందనీ అంటూ పదిహేడో గడి తీసేసింది. తక్కిన వాటితో బెంగ లేదు. ఆ తర్వాత కథ ఎవరి కోడలిదో ఆసుపత్రి గోలలో పడి, అక్కచెల్లెళ్ళు నెల దాకా తెర మీదికే రాలేదు. వచ్చేసరికి ఎవరు ఎవరితో కలిశారో రాసినవాళ్ళకే గుర్తున్నట్టు లేదు.

మొదటిసారి మెనూ చూసి, విస్తరిలో వడ్డించినట్టుందని అమ్మమ్మ మురిసిపోయింది. పదహారు పక్కన పద్దెనిమిది ఎందుకుందని అడిగింది. ఆ రోజు నందిగామలో కూడా కరెంటు పోయిందట అన్నాను. ఊఁ అంది. ఆ వేసవంతా, తాటిముంజలు ఒలుచుకుంటూ అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ డిస్కే మళ్ళీ మళ్ళీ వేసుకున్నారు. బడికి సెలవులు కాబట్టి నేనూ మధ్యలో దూరి కూర్చునేదాన్ని. పదహారోది అయిపోవస్తుంటే అమ్మమ్మకు సరిగ్గా సోడా గుర్తొచ్చేది. పక్క కొట్లో సోడా ఘాటుండదు, బస్టాండు దగ్గరి గోళీ సోడాయే కావాలి. నేను ఎండలో వెళ్ళి, వరసలో నిలబడి, రెండు సీసాలతో వచ్చేసరికి పద్దెనిమిదోది నడుస్తూ ఉండేది.

ఇప్పుడు ఆ బస్టాండు దగ్గర గోళీ సోడా లేదు, నందిగామ సెంటరు సెల్‌ఫోన్ల కొట్టయింది, పెద్దమ్మమ్మ అమ్మమ్మ కంటే ఏడాది ముందే వెళ్ళిపోయింది. డిస్కులోవి ఫోనులోకి మార్చుకుందామని తెరిస్తే, జాబితాలో ఇరవై ఎనిమిది కనిపించాయి. పిన్నికి ఫోన్ చేశాను.

“గడి తీశాగానీ ఫైలు తియ్యలేదే. మళ్ళీ అంతా మార్చే టైమెక్కడిది? పదహారు వేసి వదిలేస్తే పదిహేడు దానంతటదే వచ్చుద్ది,” అంది.

ఫోన్ పెట్టేశాను. తర్వాత పదహారు మీద నొక్కి వదిలేశాను. అది అయిపోయింది. తెర క్షణం నల్లబడి పదిహేడు మొదలైంది. ఈసారి నన్ను సోడాకి పంపేవాళ్ళు ఎవరూ లేరు.