పక్కింటి తోటకి నేను చేసిన సేవ

ఆ రోజుల్లో మంచితనానికి కూడా మార్కులుండేవి. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో చలికాలం సెలవులిస్తూ మా ప్రాజెక్టు సారు తలా ఒక ఫారం చేతిలో పెట్టి, ‘మీ ఇరుగుపొరుగులో కష్టాల్లో ఉన్నవాళ్ళకి స్వయంగా సాయం చెయ్యాలి, ఫొటోలతో రిపోర్టు రాసుకురావాలి, యాభై మార్కులు’ అన్నారు. ‘స్వయంగా’ అన్న మాట కింద రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి. (మా ముందు బ్యాచి వాళ్ళు నాన్నల చేత దుప్పట్లు కొనిపించి, పనివాళ్ళ చేత పంచిపెట్టించి, చివర్లో వచ్చి ఫొటోలు మాత్రం స్వయంగా దిగారట.) నాకప్పటికి ఇరవై ఏళ్ళు. ఆ వయసులో లోకంలోని కష్టాలన్నీ బస్టాండులో నిలబడి మన కోసమే ఎదురు చూస్తున్నట్టు ఉంటుంది. నూజివీడులో బస్సు దిగి ఆగిరిపల్లి రోడ్డు మీద మా ఊరికి ఆటోలో వెళుతూ, రెండు వైపులా ఉన్న మామిడి తోటల్ని వదిలేసి, ఎవరు కష్టాల్లో ఉన్నారా అని మనుషుల మొహాలు చూసుకుంటూ వెళ్ళాను.

తీరా ఊళ్ళోకి వచ్చాక తెలిసింది, కష్టాల్లో ఉన్నవాళ్ళు కావాల్సినప్పుడు దొరకరని. ఎదురింటి అమ్మమ్మగారు తెల్లారే వాకిట్లో వంగి ఉంటే వెళ్ళి, “మీకేమైనా సాయం కావాలా అండీ?” అని అడిగాను. ఆవిడ నన్ను కింది నుంచి పై దాకా చూసి, “కావాలమ్మా. నువ్వు కాస్త అవతలికి జరిగితే ముగ్గేసుకుంటాను” అంది. వెనక వీధిలో తోటపనికి వెళ్ళే అత్త నెత్తిన కట్టెలమోపుతో ఎదురైతే, ఆ మోపు లాక్కుని నా నెత్తిన పెట్టుకున్నాను. పది అడుగులు వేశానో లేదో కాల్లో ముల్లు దిగింది. పాపం ఆ అత్త ఒక చేత్తో మోపు, ఇంకో చేత్తో నన్నూ పట్టుకుని మా గుమ్మం దాకా దిగబెట్టి, “పిల్లని బయటికి పంపకండి మాస్టారూ” అని మా నాన్నకి చెప్పి మరీ వెళ్ళింది. “సాయం చెయ్యాలని అంత దురదగా ఉంటే దొడ్లో గిన్నెలున్నాయి, అవి చాలా కష్టాల్లో ఉన్నాయి” అంది అమ్మ. ఇంట్లోవాళ్ళు లెక్కలోకి రారనీ, ఇరుగుపొరుగు అని ఫారంలో స్పష్టంగా ఉందనీ చూపించాను. అమ్మ ఆ ఫారంతో పొయ్యి ముట్టించబోతే నాన్న అడ్డుపడ్డాడు.

సరిగ్గా అప్పుడు, నా అదృష్టం కొద్దీ, పక్కింటి బాబాయికి కాలు విరిగింది. విస్సన్నపేట నుంచి మోపెడ్ మీద వస్తూ కుక్క అడ్డమొస్తే తప్పించబోయి కిందపడ్డాడు. తొడ దాకా సిమెంటు కట్టు వేసి, నెలన్నర మంచం దిగొద్దన్నారు. ఊరంతా అయ్యో అంటుంటే, లోపల్లోపల హమ్మయ్య అనుకున్న మనిషిని నేనొక్కదాన్నే. ఆయన మాకు చుట్టమేం కాదు, గోడ అవతలి మనిషి. కానీ నేను పాకే రోజుల నుంచీ బాబాయి, పిన్ని అనే పిలుస్తున్నాను. వాళ్ళకి ఊరి బయట రెండున్నర ఎకరాల మామిడి తోట ఉంది. ఎక్కువగా రసాలు, గట్టు వెంట కొన్ని బంగినపల్లి. జనవరిలో పూత చూడ్డానికి వ్యాపారి వస్తాడు, చూసి నచ్చితే కాపంతా నాదే అని మాట ఇచ్చి వెళతాడు. ఆ మాట మీదే ఆ ఇంట్లో పొయ్యి వెలగడం దగ్గర్నుంచి అన్నీ నడిచేవి. ఆ ఏడు ఇంకో ఆశ కూడా ఉంది. వానాకాలం వస్తే పిన్ని వంటింట్లో గిన్నెలు వంటకి కాక, కారే నీళ్ళు పట్టడానికే సరిపోయేవి. కాపు బాగుంటే రేకులు తీసేసి శ్లాబు వేయిద్దామని బాబాయి మాటిచ్చాడు. పిన్ని అప్పటికే గోడ మీద బొగ్గుతో కిటికీ ఎక్కడ రావాలో గీసుకుంది.

నేను ఫారం పట్టుకుని మంచం దగ్గర నిలబడి, “బాబాయ్, మీకేం సాయం కావాలో చెప్పండి” అన్నాను. ఆయన మొహమాటస్తుడు. చాలాసేపు ఆలోచించి, “తోట వైపు ఓసారి వెళ్ళి, మేకలు పడకుండా కంచె సరిగ్గా ఉందో లేదో చూసి రామ్మా, చాలు” అన్నాడు. చూసి రమ్మన్నాడు, అంతే. ‘చాలు’ అని కూడా అన్నాడు. తెలుగులో ఇంతకంటే తేలికైన వాక్యం ఉండదు. కానీ కంచె చూసి వస్తే రిపోర్టులో ఏం రాస్తాం?

తోటలో అడుగు పెట్టగానే నా గుండె తరుక్కుపోయింది. నేల బీటలు వారి ఉంది. ఆకుల మీద వేలెడు దుమ్ము. ఒక్క చెట్టు పాదులోనూ చుక్క తడి లేదు. పాపం, యజమాని మంచాన పడితే ఈ మూగజీవాలకి దాహమని అడిగే నోరు కూడా లేదు కదా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. (ఫొటో కూడా తీసుకున్నాను, కళ్ళనీళ్ళు కనపడేలా.) మా నాన్న లెక్కల మాస్టారు, మాకున్న భూమి యావత్తూ పెరట్లో నాలుగు కుండీల్లో ఉండేది. మామిడి గురించి నాకున్న పరిజ్ఞానం టెంక దగ్గర మొదలై టెంక దగ్గరే ఆగిపోతుంది. అయినా నేను తొందరపడే మనిషిని కాను కాబట్టి, ఫోనులో వెతికాను. ‘వారానికి రెండుసార్లు మొక్క బాగా తడిసేలా నీరు పెట్టండి’ అని ఉంది. అది ఏ దేశం వాళ్ళు ఏ కుండీలో మొక్క గురించి రాశారో చూడలేదు. వారానికి రెండుసార్లంటే, ఇంతగా ఎండిపోయిన వాటికి రోజూ పెట్టినా తప్పులేదని నాకు నేనే ఒక లెక్క వేసుకున్నాను. మాస్టారి కూతుర్ని కదా.

బోరు దగ్గర డబ్బాలో ఆకుపచ్చ మీట నొక్కితే మోటారు మోగింది. ఇక చూడండి! పార పట్టుకుని కాలవలు తవ్వాను. అరచేతుల్లో బొబ్బలు లేచాయి, వాటికీ ఫొటోలు తీశాను. పగలు కరెంటు ఉన్నంతసేపూ, వరసగా ఎనిమిది రోజులు, పాదులు నిండి పొర్లేదాకా పెట్టాను. మూడో రోజున పంపు మావయ్య (ఊళ్ళో అందరి తోటలకీ వీపున పంపు వేసుకుని మందు కొట్టేది ఆయనే) దారిన పోతూ మోపెడ్ ఆపాడు.

“ఏంటమ్మాయ్, నీళ్ళెడతన్నావా?”

“అవును మావయ్యా.”

“ఇప్పుడా? బాబాయి పెట్టమన్నాడా?”

“తోట బాధ్యతంతా ఇప్పుడు నాదే” అన్నాను, అడిగినదానికి సమాధానం చెప్పకుండా.

ఆయన నా వైపూ, నీళ్ళ వైపూ చూసి, తల గోక్కుని, “చదువుకున్నోళ్ళు, ఏదో కొత్త పద్ధతేమోలే” అనుకుంటూ వెళ్ళిపోయాడు. మన దేశంలో చదువుకున్నవాళ్ళకి ఉన్న గౌరవం ఎంతమంది కొంపలు ముంచిందో ఎవరూ రాసిపెట్టలేదు. బాబాయికి మాత్రం నేను ఏమీ చెప్పలేదు. రోజూ సాయంత్రం వెళ్ళి “కంచె బాగుంది బాబాయ్” అని చెప్పి, ఆయన మొహంలో ఆశ్చర్యం చివరి రోజున ఒక్కసారిగా కనపడాలని నీళ్ళ సంగతి దాచిపెట్టుకున్నాను. రిపోర్టుకి ఆఖరి పేజీ ఫొటో అదే మరి.

జనవరి వచ్చింది. చెట్లన్నీ ఎర్రెర్రగా, రాగి రంగులో లేత చిగుళ్ళు వేసి కళకళలాడిపోతున్నాయి. నాకు ఆనందం ఆగలేదు. ఫోను పట్టుకుని పరుగెత్తుకెళ్ళి బాబాయి కళ్ళ ముందు పెట్టాను. ఆయన అద్దాలు పెట్టుకుని చూశాడు. తీసేసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

“ఇది ఎవరి తోటమ్మా?”

“మనదే బాబాయ్! ఎండిపోయి చచ్చిపోతుంటే నేనే బతికించాను.”

“నీళ్ళు పెట్టావా?”

“ఎనిమిది రోజులు! స్వయంగా!”

మజ్జిగ గ్లాసు తెస్తున్న పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది. బాబాయి మొహంలో నేను కోరుకున్న ఆశ్చర్యం కనిపించింది గానీ, ఫొటో తీసే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన ఫోను తిరిగి నా చేతిలో పెట్టి అన్నాడు, “మామిడిని చలికాలం ఎండగడతామమ్మా. కార్తీకం నించీ చుక్క నీళ్ళు ఇవ్వం. అలా దాహంతో ఉంటేనే పూత కడుతుంది. నీళ్ళు పెట్టామనుకో, దానికి సుఖం తెలిసిపోయి, పూత మానేసి ఆకేసుకుంటుంది. నువ్వు చూపించావే, అది ఆకు.”

“మరి నాకెందుకు చెప్పలేదు బాబాయ్?” అన్నాను. (అవును, ఆ పరిస్థితిలో కూడా నేనే అడిగాను.)

“పొయ్యిలో చెయ్యి పెట్టొద్దని కూడా నీకు చెప్పలేదు కదమ్మా” అన్నాడు. కోపంగా అనలేదు, అలిసిపోయినట్టు అన్నాడు. అదే నన్ను కోసేసింది. ఎనిమిది రోజుల్లో ఏడాది కాపు, పిన్ని శ్లాబు, బొగ్గుతో గీసుకున్న కిటికీ అన్నీ నేను పోసిన నీళ్ళలో కొట్టుకుపోయాయని అప్పుడు బుర్రకెక్కింది. అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. పిన్ని దగ్గరికొచ్చి, కొంగుతో నా మొహం తుడిచి, “ఏడిస్తే ఇక్కడే ఏడువమ్మా, తోటలోకెళ్ళి మాత్రం ఏడవకు. ఉన్న తడి చాలు” అంది. ఏడుస్తూనే నవ్వొచ్చింది. పిన్నికి మాత్రం రాలేదు.

మర్నాడు పంపు మావయ్య మోపెడ్ వెనక సిమెంటు కాలు అడ్డంగా చాచుకుని బాబాయి తోటకొచ్చాడు. నేను దోషిలా వెనకే నడిచాను. వరస తర్వాత వరస ఆకే. ఎత్తు మీద, గట్టు చివర ఏడు చెట్లు మాత్రం దుమ్ము కొట్టుకుని, వాడిపోయి, కొమ్మ కొసల్లో బుడిపెల్లా పూమొగ్గలు పెట్టుకుని ఉన్నాయి.

“వీటికెందుకు పెట్టలేదు?” అన్నాడు బాబాయి.

“ఎత్తు మీదికి కాలవ ఎక్కలేదు బాబాయ్. పైపేమో బరువు. లాగలేక వదిలేశాను.”

“నీ ఓపిక ముంచింది, నీ బద్ధకం కాపాడింది తల్లీ” అని చెట్టుకు దణ్ణం పెట్టాడు. ఆ సెలవులన్నిటిలో నేను చేసిన అసలైన సాయం ఆ ఏడు చెట్ల జోలికి పోకపోవడమే.

వ్యాపారి కూడా వచ్చాడు. తోటంతా ఒక చుట్టు తిరిగి, “ఆకు కొనేవాడెవడైనా ఉంటే పంపిస్తాలెండి” అని నవ్వుకుంటూ రెడ్డిగూడెం వైపు వేరే తోటలు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. బాబాయి ఆ నవ్వుకి తలొంచుకున్నాడు. ఇదంతా నా వల్లేనని వ్యాపారికి ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన పరువైనా దక్కేది. మంచాన పడి తోట సరిగ్గా చూసుకోలేకపోయానని చెప్పి ఊరుకున్నాడు. మిగిలిన సెలవులు నేను పిన్ని దగ్గర నీళ్ళు మోశాను, అంట్లు తోమాను. ఏది చెయ్యాలన్నా ముందు అడిగాను. ఒక్క ఫొటో కూడా తియ్యలేదు. మా అమ్మ గోడ మీంచి చూసి, “మన గిన్నెలేం పాపం చేశాయో” అంది.

కాలేజీకి బయలుదేరే ముందు రోజు పొద్దున నేను బాబాయి మంచం దగ్గర ఉండగా ఆయన ఫోను మోగింది. ఫారంలో సాయం పొందినవారి నంబరు నింపి పంపాలంటే సెలవుల మొదట్లోనే గొప్పగా పంపేశాను. ప్రాజెక్టు సారే. బాబాయికి వినికిడి కాస్త తక్కువ, స్పీకరు పెట్టుకున్నాడు.

“మా స్టూడెంట్ మీకు నిజంగానే సాయం చేసిందాండీ? లేకపోతే ఊరికే ఫొటోలు దిగిందా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మార్కులు వెయ్యాలి.”

బాబాయి నా వైపు చూశాడు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఆయనకి రెండున్నర ఎకరాల కారణం ఉంది.

“ఊరికే దిగడమేంటండీ, చేతులు బొబ్బలెక్కిపోయేలా చేసింది. ఎనిమిది రోజులు స్వయంగా నీళ్ళు పెట్టింది. మా తోట ఇంత పచ్చగా ఎప్పుడూ లేదండి. పూర్తి మార్కులు వెయ్యండి.”

ఆయన ఫోను పెట్టేశాడు. “ఎందుకలా చెప్పారు బాబాయ్?” అని అడిగితే, సిమెంటు కట్టులోకి పుల్ల దూర్చి గోక్కుంటూ, “నా కాపెలాగూ పోయింది. నీ మార్కులు కూడా పోతే ఎవరికేం లాభం?” అన్నాడు.

యాభైకి యాభై వచ్చాయి. ఎండిపోతున్న తోటకి ప్రాణం పోసినందుకు స్టేజీ మీద సర్టిఫికెట్ కూడా ఇచ్చి, అందరి చేతా చప్పట్లు కొట్టించారు. ఆ సెలవుల్లో కష్టాల్లో ఉన్న ఒకరికి పక్కింటివాళ్ళు స్వయంగా సాయం చేసిన మాట నిజమే; చేసినవాళ్ళెవరో, పొందినవాళ్ళెవరో మాత్రం సర్టిఫికెట్లో తారుమారైంది. పిన్ని వంటింటికి శ్లాబు ఆ మరుసటేడు పడింది, ఒక వానాకాలం ఎక్కువ తడిశాక.

ఇప్పుడు నాకు ముప్పై దాటాయి. డిసెంబరులో ఆ దారిన వెళుతుంటే బీటలు వారిన పాదులు చూసి, ఓహో, బాగున్నాయి అనుకుని తల తిప్పుకునేంత జ్ఞానం వచ్చింది. ఏ పని ముట్టుకోవాలన్నా పదిమందిని అడుగుతాను, అడిగాక ఇంకోసారి ఆలోచిస్తాను, అంతలో ఆ పని ఎవరో ఒకరు చేసేస్తారు. అందుకే అప్పుడప్పుడు ఆ ఇరవై ఏళ్ళ పిల్ల గుర్తొస్తుంది. బురదకాళ్ళతో, బొబ్బల చేతులతో, తను పాడుచేస్తున్నదాన్ని చూసుకుని అంతగా మురిసిపోతున్న పిల్ల. తిట్టుకుందామనే తలుచుకుంటాను, చివరికి నవ్వే వస్తుంది. అంత నమ్మకంతో మళ్ళీ ఇంకే పనీ చెయ్యలేకపోయాను. ఇరుగుపొరుగుకి అది మంచిదే అనుకోండి.