రౌతు ట్యాంకు ఎక్కాడు

దళంలో అందరూ అతన్ని రౌతు అనే పిలిచేవారు. మీసాలు సరిగా రాకముందే సైన్యంలో చేరి, గుర్రాల మధ్యే పెరిగి పెద్దవాడయ్యాడు. ఒకనాడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది: ఇక గుర్రాలు వద్దు, ఈ దళం ట్యాంకుల దళం అవుతుంది. లాయం ఖాళీ అయిన రోజు రౌతు ముద్ద ముట్టలేదు.

"గుర్రమైతే ముందు గొయ్యి కనబడితే అదే ఆగుతుంది. ఈ ఇనప డబ్బా ఆగుతుందా?" అన్నాడు భార్యతో.

"ఆగదు గనకే నువ్వు కావాల్సొచ్చింది. రౌతు కొద్దీ గుర్రం అని ఊరికే అన్నారా?" అందామె.

ట్యాంకు నడపడం నేర్చుకుంటూ మొదటి వారంలోనే వంటశాల గోడ కూల్చాడు. వంటవాళ్ళు తిట్టిన తిట్లకు చెవులు చిల్లులు పడ్డాయి. అయినా పట్టు వదల్లేదు. సన్నటి సందులోంచి దారి చూడటం, ఇంజను మూలుగు విని దాని బాధ కనిపెట్టడం ఒంటబట్టించుకున్నాడు. కాలిబంట్లలో ఉన్న బావమరిది మాత్రం ఎగతాళి మానలేదు.

"బావా, నడవడానికి బద్ధకమేస్తే మీ దళంలో చేరాలట కదా!"

"నడిచీ నడిచీ నీ బూట్లు నోళ్ళు తెరిచాయి. నీ నోరు మాత్రం మూతపడదేంరా?"

యుద్ధం వచ్చింది. దిబ్బ మీది రాతి మిల్లులోంచి శత్రువుల మరతుపాకి కురిపిస్తున్న గుళ్ళకు, బావమరిది ఉన్న దళమంతా కింద కాలువలో ఇరుక్కుపోయింది. తల ఎత్తితే చావే. వాళ్ళను విడిపించడానికి మూడు ట్యాంకులు బయల్దేరాయి. ఒకటి బురదలో దిగబడింది. ఇంకోదాని చక్రాల మీది ఇనప గొలుసు తెగింది. మిగిలింది రౌతు బండి ఒక్కటే.

"పోగలమా?" బండి పైభాగంలో కూర్చున్న కమాండర్ గొంతు చెవిలో వినబడింది.

"ఆగకపోతే పోగలం సార్."

ఆగలేదు. దుక్కి నేలలో బండి ఒకే ఊపున సాగింది. గుళ్ళు వడగళ్ళలా ఇనుము మీద రాలాయి. కాలువకూ మిల్లుకూ మధ్య రౌతు బండిని గోడలా నిలబెట్టాడు. గన్నర్ పేల్చిన గుండ్లకు మిల్లు గోడ కుప్పకూలింది.

"ఇక నెమ్మదిగా పోనీ. మనవాళ్ళు వెనకాల రావాలి," అన్నాడు కమాండర్.

మనిషి నడకతో సమానంగా బండిని దిబ్బ ఎక్కించాడు రౌతు. దాని చాటున కాలిబంట్లు కదిలారు. శత్రువులు చేతులెత్తేశారు.

చేతికి కట్టుతో బావమరిది పరుగెత్తుకొచ్చాడు. బండిని అరచేత్తో చరిచాడు. "బావా, ఈ సంగతి అక్కకు చెప్పకు. బతికినంతకాలం దెప్పుతుంది," అన్నాడు. ఇద్దరూ నవ్వుతూ ఏడ్చారు.

గాయపడినవాళ్ళను బండి మీదే పడుకోబెట్టారు. కుదుపు తగలకుండా రౌతు దాన్ని శిబిరానికి దించుకొచ్చాడు. దారికి రెండు వైపులా నిలబడ్డ జవాన్లు టోపీలు గాల్లోకి ఎగరేశారు. రౌతు మూత తెరిచి, మసిబారిన మొహం బయటపెట్టి, తనూ గొంతెత్తి కేక వేశాడు.