శనివారం వంట వంతు

వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే ఆర్డరు వచ్చింది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల బళ్లలో టెంపరరీగా పనిచేస్తున్న పంతుళ్లంతా నంద్యాలలో జరిగే శిక్షణ శిబిరానికి హాజరు కావాలి. చివర్లో శిబిరం అధికారి ఒక్కొక్కరి గురించి రాసి పైకి పంపుతారు. బాగా రాస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే నేను మళ్లీ కూలికి పోవాల్సిందే. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా ఇళ్లు ఊరి బయట ఉండేవి. చర్చివాళ్ల బడిలో చదువుకుని, మా వాళ్లలో మొదటిసారి సుద్దముక్క పట్టినవాణ్ణి నేను. బయల్దేరేటప్పుడు మా నాయన ఒక్క జాగ్రత్తే చెప్పాడు.

"యెనక కూచో. ఎవురి కంటా పడాకు."

బస్సులో నా పక్కన మా పక్క ఊరి పెద్ద పంతులు కూర్చున్నాడు. ఆయనది ఎప్పుడో ఖాయమైన ఉద్యోగమే గానీ, కొత్త పద్ధతులు నేర్చుకోవాలని ఆయన్నీ పిలిచారు. తాతల కాలం నుంచి భూములున్న ఇల్లు. మా నాయన వాళ్ల చేలలోనే కూలికి పోయేవాడు. అయితే మనిషి సరదా మనిషి. దారి పొడుగునా నన్ను నవ్విస్తూ, వేయించిన చెనిక్కాయలు నా దోసిట్లోకి జానెడు ఎత్తు నుంచి పోశాడు. ఆ జానెడు నాకు వింతగా అనిపించలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ఎత్తే అది. కింద పడిన రెండు గింజలు కూడా ఏరుకుని తిన్నాను.

శిబిరం ఒక హైస్కూల్లో పెట్టారు. పొద్దున ప్రార్థన, తర్వాత తకిలీతో నూలు వడకడం, ఆపైన మాదిరి పాఠాలు. పాఠం చెప్పడం నాకు బాగానే వచ్చు. నూలే మాటిమాటికీ తెగేది. శిబిరం అధికారి ఖద్దరు మనిషి. పనిలో ఎక్కువ తక్కువలు లేవన్నది ఆయన నమ్మకం. ఊడవడం, నీళ్లు తోడడం, మరుగుదొడ్లు కడగడం, వండి వడ్డించడం, అన్నీ వంతులవారీగా అందరూ చేయాల్సిందే. మర్నాటి వంతులు సాయంత్రమే నల్లబల్ల మీద రాసిపెట్టేవారు. నాకు దొడ్ల వంతు పడ్డ రోజు ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. బాగా కడిగావని మెచ్చుకున్నారు కూడా.

రెండో వారం శుక్రవారం సాయంత్రం, బల్ల మీద వంట దగ్గర నా పేరు కనిపించింది. మర్నాడు బళ్ల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు వస్తారని అప్పటికే చెప్పి ఉన్నారు. చుట్టూ నిలబడి బల్ల చూస్తున్నవాళ్లు గొణిగినా, విసుక్కున్నా నాకు అంత భయం వేసేది కాదు. అందరూ చాలా మర్యాదగా పక్కకు తప్పుకుని వెళ్లిపోయారు.

అధికారి దగ్గరికి పరిగెత్తాను. మిగిలిన రోజులన్నీ దొడ్లు నేనే కడుగుతాను, వంట మాత్రం ఇంకెవరికైనా ఇవ్వండి అని బతిమాలాను. ఆయన నవ్వి, వంతంటే వంతేనన్నారు. ఆ కళ్లలో ఒక ఉత్సాహం కనిపించింది. ఇన్‌స్పెక్టరుకు నన్ను ఒక ఉదాహరణగా చూపించబోతున్నారని అర్థమైంది. మంచివాళ్ల మీద నాకు ఒళ్లు మండటం అప్పుడే మొదలైంది. వాళ్ల మంచితనం ఎవడి నెత్తిన కూర్చుని ఊరేగుతోందో వాళ్లకు కనపడదు.

శనివారం పొద్దున్నే, నాతో పాటు వంట వంతు పడ్డ పంతులు సంజామలలో మామగారికి బాగాలేదని వెళ్లిపోయాడు. ఒక్కణ్ణే పొయ్యి రాజేసి, అంతమందికీ అన్నం, చింతపండు పప్పు వండాను. ఆ కంగారులో ఏది వేశానో, ఏది వేయలేదో గుర్తులేదు. రుచి చూడటానికి కూడా భయపడ్డాను. ఎవరైనా అటు వచ్చి, ఎంగిలి చేశాడని అంటే నా గతేం కాను?

తొమ్మిది దాటాక ఒకరి వెనక ఒకరు అధికారి గదిలోకి వెళ్లి రావడం వంటింటి కిటికీలోంచి కనిపించింది. అందరిదీ ఒకటే మాట. శనివారం కదా, అహోబిలం సామికి ఒక్కపొద్దు. రాత్రికి ఒక్కపూటే తింటాం, మధ్యాహ్నం మాకు విస్తరి వద్దు. గడిచిన శనివారం ఇదే జనం మారు పప్పు పోయించుకుని మరీ తిన్నారు. ఆ రోజు వండింది నేను కాదు.

మధ్యాహ్నం గంట కొట్టారు. విస్తళ్ల ముందు కూర్చున్నది ఇన్‌స్పెక్టరు, శిబిరం అధికారి, ఇద్దరే. మిగతావాళ్లు వసారాలో నిలబడ్డారు. నేను ఇద్దరికీ వడ్డించి పక్కన నిలబడ్డాను. అన్నమంతా పాడైపోతుందని, వీడు వండిన తిండి ఎవరూ ముట్టలేదని పైకి రాస్తారని, నా ఉద్యోగం ఈ గుండిగలోనే మునిగిపోయిందని అనుకున్నాను. ఇద్దరూ తలలు వంచుకుని, మాట లేకుండా తింటున్నారు. తిన్నాక ఇన్‌స్పెక్టరు వసారా వైపు చూసి, ఇంతమందికీ ఒకేరోజు ఉపవాసమా అని అడిగారు. పెద్ద పంతులే జవాబు చెప్పాడు.

"శనివారం గదా సార్. మా తట్టంతా అంతే."

ఇన్‌స్పెక్టరు కోస్తా మనిషి. ఆయన గొంతు పెంచలేదు.

"చాలా మంచి అలవాటు. ఆ అన్నం, పప్పు మూత పెట్టి ఉంచండి మాస్టారూ. పొద్దుగూకాక వీళ్ల ఉపవాసం మీ చేత్తోనే విడిపిద్దాం. నేను అప్పటిదాకా ఉంటాను."

వసారాలోని అన్ని కళ్లూ నా మీదే ఉన్నాయి. ఆయన నాకు మేలు చేశానని అనుకుని ఉంటారు. రేపు ఆయన జీపెక్కి వెళ్లిపోతారు. నేను మాత్రం వీళ్ల మధ్యనే బతకాలి. మా నాయన పెద్ద పంతులు చేలోనే నాగలి పట్టాలి. ఆ క్షణంలో ఉద్యోగం పోతే పోయింది, ఊరికి పారిపోదామనిపించింది.

ఆ మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు గారి ఉపన్యాసం, పిల్లల్ని భయపెట్టకుండా చదువు చెప్పడం గురించి. నాయన చెప్పినట్టే వెనక కూర్చుని విన్నాను. ఒక్కముక్క బుర్రకెక్కలేదు. నా ముందు వరసలోని వాళ్ల దగ్గర బజ్జీల వాసన వస్తోంది. స్టేషను దగ్గరి హోటల్లో బజ్జీలతో పెట్టే బొరుగుల ఉగ్గాని బాగుంటుందని అందరికీ తెలుసు.

పొద్దుగూకింది. పప్పు మళ్లీ పొయ్యి మీద పెట్టి వేడిచేశాను. ఈసారి విస్తళ్ల ముందు అందరూ కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నారు. మొదటి విస్తరి పెద్ద పంతులుదే. అన్నం పెట్టాను, పప్పు పోశాను. వరస చివరిదాకా వడ్డించి వెనక్కి చూస్తే, ఎవరూ చెయ్యి పెట్టలేదు. అందరూ పెద్ద పంతులు చేతినే చూస్తున్నారు. ఆయన విస్తరిని చూస్తున్నాడు. ఆయన లేస్తే అందరూ లేస్తారు. రేపటి నుంచి మా నాయనకు ఆ చేలో అడుగుపెట్టే దారి ఉండదు.

ఆయన అన్నం కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మొహం వికారంగా పెట్టి మింగాడు.

"ఏందప్పా ఇది, ఉప్పు కుమ్మరించేసినావ్. నోట్లో పెట్టుకుంటే నాలిక పగుల్తాంది. నీళ్లు తే."

ఉప్పు రెండుసార్లు వేసి ఉంటాను. మరగబెట్టేసరికి అది ఇంకా ఎక్కువైంది. మధ్యాహ్నం ఆ ఇద్దరూ తలలు వంచుకుని ఎందుకు తిన్నారో అప్పుడు తెలిసింది. నా మీద జాలితో పైకి చెప్పకుండా తిన్నారు. ఇంట్లో వంట మీద అరిచినట్టు నా మీద అరిచినవాడు ఈయనొక్కడే.

చెంబుతో నీళ్లు తెచ్చాను. ఆయన గ్లాసు ముందుకు చాపాడు. నా చెయ్యి దానంతట అదే జానెడు పైకి లేచింది. ఆ ఎత్తు నుంచి పోస్తే, చేతి వణుకుకి నీళ్లు సగం ఆయన పంచె మీదే పడ్డాయి.

"దించు. కిందికి దించి పొయ్. అంతా నేలపాలైతాంది."

దించాను. చెంబు అంచు గ్లాసు అంచుకు తగిలి ఖణేల్మంది. ఆ చప్పుడుకు నేనే ఉలిక్కిపడ్డాను. ఆయన గటగటా తాగి మళ్లీ చాపాడు. వరసలో ఇంకొకరు, తర్వాత ఇంకొకరు ముద్ద పెట్టుకున్నారు. కొందరు కెలికి వదిలేశారు. తిన్నవాళ్లంతా నీళ్లనీళ్లని పిలుస్తుంటే, చెంబు పట్టుకుని ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను.

వానలు పడ్డాక ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం వచ్చింది. ఆ శనివారం రాత్రి మాత్రం, గుండిగలు కడిగి బోర్లించేటప్పుడు కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. పొద్దుటి నుంచీ నేను ఒక్క మెతుకు తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. అంతమందిలో ఆ రోజు నిజంగా ఒక్కపొద్దున్నది నేనొక్కణ్ణే.